ఊరి విలువను బట్టి బడి

నెల్లిమర్ల హైస్కూల్లో మేస్టారి జీతం ఆ ఊరి జూట్ మిల్లును బట్టి ఉండదు. మిల్లు నడిచినా, తాళం పడినా జీతం రావలసింది ప్రభుత్వం నుంచే. నేనుండే టెక్సాస్‌లో బడి డబ్బుల్లో పెద్ద వాటా ఆ ఊరి ఇళ్ల మీద, దుకాణాల మీద వేసే పన్ను. దాన్ని వసూలు చేసుకునేది స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఆ ప్రాంతపు బడులను నడిపే స్థానిక సంస్థ. అందుకే ప్లేనోలో, ఫ్రిస్కోలో ఇల్లు కొనే మనవాళ్లు వాస్తు కంటే ముందు స్కూల్ రేటింగ్ చూస్తారు.

దీనివల్ల ఏం జరుగుతుందో శాన్ ఆంటోనియోలో బయటపడింది. అక్కడి ఎడ్జ్‌వుడ్ మెక్సికన్ మూలాలున్న పేదల పేట. 1967-68లో వాళ్లు ప్రతి నూరు డాలర్ల ఆస్తికీ 1.05 డాలర్లు పన్ను కట్టినా పిల్లవాడికి అదనంగా సమకూరింది 26 డాలర్లే. అదే ఊళ్లో డబ్బున్న వాళ్ల అలమో హైట్స్ 0.85 డాలర్లే కట్టి 333 రాబట్టింది. ఎక్కువ కట్టినవాడికే తక్కువ! 1968 మేలో ఎడ్జ్‌వుడ్ పిల్లలు తరగతులు వదిలి రోడ్డెక్కారు. డెమెట్రియో రోడ్రిగెజ్ అనే తండ్రి, మరికొందరు తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. 1973లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో కాదంది. చదువు జాతీయ రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నది ఆ తీర్పు సారం.

దాంతో ఎడ్జ్‌వుడ్ వాళ్లు 1876 నాటి టెక్సాస్ రాజ్యాంగం పట్టుకున్నారు. సమర్థమైన ఉచిత బడులు నడపడం శాసనసభ బాధ్యత అని అందులో ఉంది. 1989లో రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా ఒక్కమాటగా ఈ పద్ధతి చెల్లదన్నారు. శాసనసభ చేసిన చట్టాలను కోర్టు కొట్టేస్తూ వచ్చింది. 1993 మేలో డిస్ట్రిక్టుల మధ్య డబ్బు పంచే ప్రతిపాదనను ప్రజల ఓటుకు పెడితే జనం కూడా వద్దన్నారు. ఆ నెలలోనే సంపన్న డిస్ట్రిక్టుల మిగులు పేద డిస్ట్రిక్టులకు మళ్లించే చట్టం వచ్చింది. దాన్ని జనం రాబిన్ హుడ్ అంటారు. ప్లేనో ఆ డబ్బు కట్టే ఊళ్లలో ఒకటి. మనవాళ్ల విందుల్లో దీని మీద వినిపించే గొణుగుడు అంతా ఇంతా కాదు. నాకు మాత్రం ఆ గొణుగుడు సబబుగా తోచదు. ఫ్యాక్టరీ ఏ ఊళ్లో వెలిసిందన్నది పిల్లాడి ప్రతిభ కాదు కదా.

ఇప్పటి గొడవ వేరు. ప్రైవేటు బడి ఫీజుకు ప్రభుత్వం డబ్బివ్వాలని గవర్నర్ గ్రెగ్ అబాట్ పట్టుబట్టారు. 2020లో మన ఆంధ్రలో అమ్మఒడి పథకం కింద 15,000 రూపాయలు ప్రైవేటు బడి పిల్లల తల్లులకూ అందాయి కాబట్టి మీకిది వింతగా అనిపించదు. కానీ 2023 నవంబరులో ఆయన సొంత రిపబ్లికన్ పార్టీ సభ్యులు 21 మంది అడ్డం తిరిగి, ప్రతిపక్షంతో కలిసి, 84-63తో ఆ భాగాన్ని బిల్లులోంచి తీయించారు. ఎక్కువమంది పల్లె నియోజకవర్గాల వాళ్లు. ఆ ఊళ్లలో చాలాచోట్ల ప్రైవేటు బడే లేదు. పెద్ద ఉద్యోగదాత సర్కారు బడే, శుక్రవారం రాత్రి ఊరంతా చేరే ఫుట్‌బాల్ మైదానమూ అదే. 2024లో పార్టీ అభ్యర్థులను ఎంచుకునే ఎన్నికల్లో గవర్నర్ వాళ్ల మీద పోటీకి దిగినవాళ్లను బలపరిచి చాలామందిని ఓడించారు. 2025 ఏప్రిల్ 17న ఆ ఫీజుల బిల్లు దిగువ సభలో 85-63తో నెగ్గింది. మొత్తం వంద కోట్ల డాలర్లు, ఒక్కో పిల్లవాడికి సుమారు 10,000 డాలర్లు, 2026-27 నుంచి.

దానికి జోడుగా సర్కారు బడులకు 850 కోట్ల డాలర్ల చట్టం చేశారు. అందులో ఎక్కువ భాగం మేస్టార్ల జీతాలకు, నిర్దిష్ట ఖర్చులకు పోయింది. బడులు తమ అవసరం కొద్దీ వాడుకునే మూల కేటాయింపు మాత్రం 2019 నుంచి పిల్లవాడికి 6,160 డాలర్ల దగ్గరే ఉండిపోయింది. దాన్ని పెంచమని బడులు ఏళ్లుగా అడుగుతుంటే, ఈసారి కలిపింది 55 డాలర్లు.