జిక్కి (పి.జి. కృష్ణవేణి)

జిక్కి (3 నవంబరు 1935 – 16 ఆగస్టు 2004) తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, సింహళం, హిందీ భాషల్లో పాడిన సినీ నేపథ్య గాయని. పూర్తి పేరు పిల్లవాలు గజపతి కృష్ణవేణి. తల్లిదండ్రులు గజపతి నాయుడు, రాజకాంతమ్మ తిరుపతి దగ్గరి చంద్రగిరి వదిలి మద్రాసులో స్థిరపడ్డారు. పొలం పాట, హిందుస్తానీ రాగమాలిక, భక్తిగీతం, పాశ్చాత్య వాద్యాల హోరులో సాగే నాట్యగీతం, అన్నింటినీ ఆమె ఒకే చనువుతో పాడింది. గొంతులో చివరిదాకా చిన్నపిల్ల పలుకు పోలేదు.

సినిమాల్లోకి ఆమె బాలనటిగా వచ్చింది. 1943లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'పంతులమ్మ'లో చిన్న వేషం వేసి, తన పాటలు తానే పాడుకుంది. అప్పటికి ఎనిమిదేళ్ళు నిండలేదు. సంగీతం ఓగిరాల రామచంద్రరావు. ఆమెను నేపథ్య గాయనిగా నిలబెట్టింది 1948 నాటి తమిళ చిత్రం 'జ్ఞానసౌందరి'. అందులో మేరీమాత ప్రార్థన పాడుతుండగానే పాప పెరిగి పెద్దదవుతుంది. పాప గొంతు జిక్కిది, పెద్దయ్యాక వినిపించేది పి.ఎ. పెరియనాయకి గొంతు. రెండేళ్ళ తర్వాత 'మంత్రికుమారి'లో తిరుచ్చి లోకనాథన్‌తో పాడిన యుగళగీతంలో మాత్రం ఆమెది నిండు యువతి గొంతు. భార్యను కొండ అంచు నుంచి తోసెయ్యాలని తీసుకెళ్తున్న భర్త, ఏమీ తెలియక మురిసిపోతూ వెంట నడిచే భార్య: ఆ సన్నివేశంలోని ప్రమాదమంతా జిక్కి పాడిన అమాయకపు సంతోషంలోనే ఉంది. స్వరకర్త జి. రామనాథన్.

1953 నుంచి 1960 దాకా ఉన్న ఏడేళ్ళు ఆమె వృత్తిజీవితానికి గుండెకాయ. హిందీ చిత్రం 'ఆహ్' 1953లో తెలుగులో 'ప్రేమలేఖలు'గా, తమిళంలో 'అవన్'గా వచ్చింది. బాణీలు శంకర్–జైకిషన్‌లవి. తెలుగు పాటలు రాసిన ఆరుద్ర నటుల పెదవుల కదలికకు సరిపడే మాటలు వెతకాల్సి వచ్చింది. లతా మంగేష్కర్ పాడిన వరసలను ఆ కొత్త మాటలతో పాడటం జిక్కి పని. డబ్బింగ్ పాట అన్న సంగతే శ్రోత మరిచిపోయేటట్టు పాడింది. పురుష స్వరం ఎ.ఎం. రాజాది.

1955లో తాపీ చాణక్య దర్శకత్వంలో వచ్చిన 'రోజులు మారాయి'లో ఏరువాక పాట ఆమెను ఊరూరికీ తీసుకుపోయింది. కొసరాజు రచనకు మాస్టర్ వేణు బాణీ కట్టగా, తెరమీద వహీదా రెహమాన్ ఆడింది. జిక్కి ఆ పాటను నగరం నుంచి పల్లెను చూసేవాళ్ళలా కాకుండా దుక్కిలో ఉన్నవాళ్ళ ఊపుతో పాడింది. అదే వరసను ఎస్.డి. బర్మన్ 1960లో హిందీ చిత్రం 'బంబయి కా బాబూ'కు వాడుకున్నాడు. అదే 1955లో 'అనార్కలి' వచ్చింది. అంజలీదేవికి జిక్కి గొంతు, ఆదినారాయణరావు సంగీతం కుదిరిన తీరు తెలుగు పాట చరిత్రలో విశిష్టమైనది.

ఆ కూర్పు 1957లో 'సువర్ణసుందరి' యుగళగీతంతో శిఖరానికి చేరింది. సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ రాగాలు ఒకదాని వెంట ఒకటి వచ్చే ఈ రాగమాలికలో ఆమె పక్కన ఉన్నది విజయనగరం సంగీత కళాశాలలో చదివిన ఘంటసాల. రాగం మారిన ప్రతిచోటా ఆమె గొంతు ముందే అక్కడికి చేరుకుని ఉన్నట్టుంటుంది. హిందీలో ఇదే పాట లత, రఫీ పాడారు. 1958లో 'చెంచులక్ష్మి'లో, సాలూరి రాజేశ్వరరావు స్వరంలో, మళ్ళీ ఘంటసాలతోనే చెంచుపిల్ల కొంటెతనం పలికించింది.

రాగాల పాటలే కాదు, పాశ్చాత్య ధోరణి పాటలూ జిక్కి పాడింది. వాటి వెనకున్న జాజ్ మద్రాసు స్టూడియోలకు ఎక్కువగా బొంబాయి హిందీ పాటల మీదుగా వచ్చింది. దక్షిణాదిలో అది రాక్ అండ్ రోల్‌తో, లాటిన్ తాళాలతో కలగలిసి 'క్లబ్బు పాట' అయింది. అచ్చమైన జాజ్ గాయని అనదగ్గవారు ఆ తరం తెలుగు సినిమాలో లేరు. అయితే క్లబ్బు పాట లయకు మొదట్లోనే గొంతు అరువిచ్చినవాళ్ళలో జిక్కి ఒకరు. 1958లో తమిళ 'ఉత్తమపుత్రన్'లో హెలెన్ ఆడిన రాక్ అండ్ రోల్ ధోరణి పాటను టి.ఎం. సౌందరరాజన్, ఎ.పి. కోమల, కె. జమునారాణిలతో కలిసి పాడింది. దాన్నీ కట్టింది జి. రామనాథనే. కర్ణాటక రాగాల మీద పట్టున్న స్వరకర్త ఆ పాటకు ఆమెను పిలవడంలోనే ఆమె మీద నమ్మకం తెలుస్తుంది. తర్వాతి దశకంలో ఈ దారిని ఎల్.ఆర్. ఈశ్వరి రాజమార్గం చేసింది.

చిత్తూరు జిల్లా రామాపురంలో పుట్టిన ఎ.ఎం. రాజాను జిక్కి పెళ్ళి చేసుకుంది. ఆయన స్వరపరచిన 'పెళ్ళికానుక' (1960) ఆమె మృదువైన గానానికి చక్కని నిదర్శనం. అక్కడ ఊపు, కొంటెతనం పక్కన పెట్టి, మాటను దాదాపు చెవిలో చెప్పినట్టు పాడింది.

పి. సుశీల ప్రాభవం పెరిగాక జిక్కికి సినిమా అవకాశాలు తగ్గాయి. దంపతులు ఎక్కువగా వేదికల మీద పాడుతూ గడిపారు. 1989 ఏప్రిల్‌లో తమిళనాడులోని వళ్ళియూరు స్టేషన్‌లో జరిగిన రైలు ప్రమాదంలో రాజా మరణించాడు.

2001లో కృష్ణవంశీ 'మురారి'లో సిరివెన్నెల రాసిన పెళ్ళిపాటను మణిశర్మ ఆమె చేత పాడించాడు. సునీత, సంధ్యలతో కలిసి పాడిన ఆ పాటలో అరవై అయిదేళ్ళ గొంతు వినగానే గుర్తుపట్టేటట్టే ఉంది. కొత్త తరానికి జిక్కి పేరు తెలిసింది దానితోనే. క్యాన్సర్‌తో బాధపడుతూ 2004 ఆగస్టు 16న చెన్నైలో మరణించింది.