శ్రీహరికోట టేపు రికార్డర్ నుంచి మీ గేమింగ్ పీసీ ఎస్ఎస్‌డీ దాకా

గేమింగ్ పీసీకి ఏ ఎస్ఎస్‌డీ కొనాలి? షాపుకి వెళ్ళే ముందు మిమ్మల్ని సూళ్లూరుపేట మీదుగా, పులికాట్ సరస్సు దాటించి శ్రీహరికోట తీసుకెళ్తా. ఇప్పుడది తిరుపతి జిల్లా గానీ, 2022 దాకా మన నెల్లూరు జిల్లానే.

1997 సెప్టెంబర్ 29న అక్కడి నుంచి పీఎస్ఎల్‌వీ-సీ1 మీద ఐఆర్ఎస్-1డీ వెళ్ళింది. పై నుంచి భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహం. ఆ డేటా దింపుకునే స్టేషన్ హైదరాబాద్ దగ్గర షాద్‌నగర్‌లో. ఉపగ్రహం ఆ పక్కగా వచ్చినప్పుడు దానికి అందేది మహా అయితే పది పన్నెండు నిమిషాలు. మరి ప్రపంచంలో ఇంకెక్కడో తీసిన ఫొటోలు అప్పటిదాకా ఎక్కడ దాచాలి? అందుకని లోపల టేపు రికార్డర్ పెట్టారు. అవును, టేపే! చక్రాలు తిరగాలి, టేపు లాగాలి. పైకెళ్ళాక అది అరిగినా, ఇరుక్కున్నా బాగుచేసే మనిషి ఉండడు.

2003 అక్టోబర్ 17న దాని వారసుడు రిసోర్స్‌శాట్-1 అదే తీరం నుంచి ఎగిరింది. ఈసారి లోపల సాలిడ్ స్టేట్ రికార్డర్. తిరిగే భాగం లేదు, డేటా అంతా చిప్పుల్లోనే. కెపాసిటీ 120 గిగాబిట్లు. బిట్లు అన్నాను, బైట్లు కాదు. 8తో భాగిస్తే 15 జీబీ. మన జీటీఏ 5 ఒక్కటి కూడా అందులో పట్టదు!

మన ఎస్ఎస్‌డీల్లో ఉండేది న్యాండ్ ఫ్లాష్. తోషిబాలో ఫుజియో మసువోకా బృందం 1987లో దాన్ని బయటపెట్టింది. రాసి చెరిపే కొద్దీ అది అరుగుతుంది. టీబీడబ్ల్యూ అని రాసేది ఆ లెక్కే. గేమ్ ఎక్కువగా చదువుతుంది, రాసేది తక్కువ. కాబట్టి ఆ అంకె చూసి భయపడొద్దు.

ఇక డబ్బు సంగతి. హార్డ్ డిస్క్ నుంచి ఎస్ఎస్‌డీకి మారడం అంటే ఆ టేపు నుంచి చిప్పుకి మారినట్టే, అసలు తేడా అక్కడే. సాటా 550 ఎంబీ, జెన్4 ఎన్‌వీఎంఈ 7000 ఎంబీ అని డబ్బా మీద ఊరిస్తారు గానీ, చాలా గేముల్లో లోడింగ్ తేడా కొన్ని సెకన్లే. డేటాని విప్పే పని ప్రాసెసర్‌ది కూడా కదా. నేనైతే ఖరీదైన 500 జీబీ వదిలేసి, అదే డబ్బుకి మామూలు 1 టీబీ తీసుకుంటా. కొనేముందు మదర్‌బోర్డులో ఎం.2 స్లాట్ ఉందో లేదో, ఉంటే అది ఎన్‌వీఎంఈ తీసుకుంటుందో లేదో చూడండి. కొన్ని స్లాట్లు సాటా మాత్రమే తీసుకుంటాయి.

పాత హార్డ్ డిస్క్ మాత్రం పారేయకండి. అది పోయేముందు చాలాసార్లు టక్ టక్ మని చెప్తుంది. ఎస్ఎస్‌డీ చప్పుడు లేకుండా పోతుంది. మీ ఫొటోలు, సేవ్ ఫైళ్ళు ఇంకో కాపీ అందులో పెట్టుకోండి.