అభ్రకపు సీమలో గూడబాతులు

నెల్లూరు సీమలో గనులను నమ్మి బ్రతికిన యూళ్లు గూడూరు, సైదాపురము, కలిచేడు ప్రాంతములందుఁ బెక్కు గలవు. జనులు కాకిబంగారమని తేలికగాఁ బిలిచిన యభ్రకము 1939–45 యుద్ధకాలమున విమానములకును, రేడియో యంత్రములకును అత్యావశ్యకమయ్యెను. ఆనాఁటి రేడియోల కండెన్సరులలో నుండినది ఈ రాతిరేకే! యుద్ధము ముగిసెను; గిరాకి తగ్గెను; పెక్కు గనులు మూఁతపడెను.

నేను చెప్పఁదలఁచినది వానికి దక్షిణముగా, మదరాసు బాటపై నున్న దొరవారిసత్రమును గూర్చి. 2022లో తిరుపతి జిల్లాలోఁ జేరిన యీ యూరికి అట్టి గనులు లేవు. చెంతనున్న నేలపట్టు చెఱువే దీనికి నిధి. శీతకాలమున గూడబాతులు వచ్చి, నీట నిలిచిన కడపచెట్లపై గూళ్లు కట్టును. వాని రెట్ట కలిసిన నీరు వరిచేలకు మంచి యెరువు. ఈ లెక్క యెఱిఁగిన రైతులు, 1976లో ప్రభుత్వము దీనిని పక్షిసంరక్షణ కేంద్రముగాఁ బ్రకటించుటకు ముందే, వేఁటకాండ్రను దరిఁజేరనీయలేదు. పిమ్మటఁ జూడవచ్చువారు హెచ్చిరి. సూళ్లూరుపేటలోఁ బక్షుల పండుగయు వెలసెను.

కాని వానలు తప్పి చెఱువెండిన యేఁట పక్షులు నిలువవు. యాత్రికులకుఁ జూచుటకేమియు నుండదు. విడిదిగృహములు కట్టుటకన్న, చెఱువునకు నీరు దెచ్చు కాలువల పూడిక తీయించుటయే ముందుగాఁ జేయవలసిన పని యని నా యభిప్రాయము.