సూక్ష్మజీవులు

సూక్ష్మజీవులు అనగా విడిగా కంటికి కనిపించనంత చిన్నవై, సూక్ష్మదర్శిని సహాయంతో మాత్రమే చూడదగిన జీవులు. వీటిని అధ్యయనం చేసే శాస్త్రాన్ని సూక్ష్మజీవశాస్త్రం అంటారు. బాక్టీరియా, ఆర్కియా, శిలీంధ్రాలు, ప్రోటోజోవా, సూక్ష్మ శైవలాలు మరియు వైరస్‌లు ఈ శాస్త్ర పరిధిలోకి వస్తాయి. నేల, నీరు, గాలి, వేడినీటి బుగ్గలు, మానవుని చర్మం, ప్రేగులు మొదలైన అన్ని చోట్లా ఇవి నివసిస్తాయి. వీటిలో వ్యాధులను కలిగించేవి కొద్ది మాత్రమే. అధిక భాగం హాని చేయనివి, లేదా మేలు చేసేవి.

పరిమాణం

సూక్ష్మజీవులను కొలవడానికి మైక్రోమీటరును వాడతారు. ఇది మిల్లీమీటరులో వెయ్యవ వంతు. సాధారణ బాక్టీరియా పొడవు 0.5 నుండి 5 మైక్రోమీటర్ల వరకు ఉంటుంది. వైరస్‌లు చాలా వరకు 0.02 నుండి 0.3 మైక్రోమీటర్ల మధ్య ఉంటాయి కనుక వాటిని చూడడానికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని అవసరం. అయితే ఈ నియమానికి మినహాయింపులు లేకపోలేదు. 2022లో వర్ణించబడిన థయోమార్గరిటా మాగ్నిఫికా అనే బాక్టీరియా సుమారు ఒక సెంటీమీటరు పొడవు ఉండి కంటికే కనిపిస్తుంది.

చరిత్ర

1665లో ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హుక్ బూజును సూక్ష్మదర్శినిలో చూసి దాని చిత్రాన్ని ప్రచురించాడు. హాలండులోని డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వర్తకుడైన లీవెన్‌హుక్ తానే అరగదీసుకొన్న కటకాలతో నీటిలోని సూక్ష్మజీవులను పరిశీలించి, 1676లో లండన్ రాయల్ సొసైటీకి లేఖ ద్వారా తెలియజేశాడు.

కుళ్ళిన పదార్థాల నుండి జీవులు వాటంతట అవే పుడతాయని ఆ కాలంలో చాలామంది నమ్మేవారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ హంస మెడ వంటి వంపు గల గాజు కుప్పెలో మాంసరసాన్ని మరిగించి ఉంచాడు. గాలి లోనికి పోగలిగినా, ధూళి ఆ వంపులోనే నిలిచిపోయినందున రసం చెడిపోలేదు. మెడను విరిచిన తరువాత చెడిపోయింది. దీనితో సూక్ష్మజీవులు కూడా ముందున్న జీవుల నుండే పుడతాయని రుజువైంది.

జర్మనీ వైద్యుడు రాబర్ట్ కాక్ 1882లో క్షయ వ్యాధికి కారణమైన బాక్టీరియాను కనుగొన్నాడు. 1884లో కలకత్తాలో కలరా బాక్టీరియాను పరిశోధించాడు. 1897 ఆగష్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. ఇందుకు ఆయనకు 1902లో నోబెల్ బహుమతి లభించింది.

ముఖ్య రకాలు

బాక్టీరియా: ఇవి ఏకకణ జీవులు. వీటి కణంలో పొరతో కూడిన కేంద్రకం ఉండదు. ఆకారాన్ని బట్టి గోళాకారం, దండాకారం, సర్పిలాకారం అని విభజిస్తారు. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ కనిపెట్టిన రంజన పద్ధతిలో కణకవచం మందంగా ఉన్నవి ఊదారంగులో, పలుచగా ఉన్నవి గులాబి రంగులో కనబడతాయి. అనుకూల పరిస్థితులలో ఎషరీషియా కోలై 20 నిమిషాలకొకసారి రెండుగా విడిపోతుంది. ఈ లెక్కన ఒక్క కణం ఏడు గంటలలో 20 లక్షలకు పైగా కణాలవుతుంది. వండిన అన్నం, కూరలు బయట ఉంచితే త్వరగా పాడవడానికి ఇటువంటి వేగవంతమైన వృద్ధే కారణం. నీలి ఆకుపచ్చ శైవలాలు అని పిలువబడేవి కూడా నిజానికి బాక్టీరియాలే.

ఆర్కియా: చూపుకు బాక్టీరియాను పోలినా, జన్యుపరంగా వేరని 1977లో కార్ల్ వోస్ బృందం నిరూపించింది. గోబర్ గ్యాస్‌లో మండే మీథేన్ వాయువును తయారుచేసేవి ఇవే. కొన్ని ఉప్పు మడులలోని గాఢమైన ఉప్పునీటిలో జీవిస్తాయి.

శిలీంధ్రాలు: వీటికి నిజకేంద్రకం ఉంటుంది, పత్రహరితం ఉండదు. ఈస్ట్, బూజులు ఈ వర్గానికి చెందినవి. చర్మంపై తామర, వరిలో అగ్గి తెగులు వీటివల్ల వస్తాయి. తడి ఆరని వేరుశనగ గింజలపై పెరిగే ఆస్పర్‌జిల్లస్ ఫ్లావస్ అనే బూజు కాలేయానికి హాని చేసే అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది.

ప్రోటోజోవా: ఇవి నిజకేంద్రకం గల ఏకకణ జీవులు. అమీబా, పారమీషియం నీటిలో స్వేచ్ఛగా జీవిస్తాయి. ప్లాస్మోడియం మలేరియాను, ఎంటమీబా హిస్టోలిటికా జిగట విరేచనాలను కలిగిస్తాయి.

సూక్ష్మ శైవలాలు: ఇవి కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఆహారం తయారుచేసుకొంటాయి. భూమిపై జరిగే కిరణజన్య సంయోగక్రియలో సుమారు సగం సముద్రాలలోని సూక్ష్మ శైవలాలు, నీలి ఆకుపచ్చ బాక్టీరియాల వల్లనే జరుగుతుంది.

వైరస్‌లు: వీటికి కణ నిర్మాణం లేదు. ప్రోటీను తొడుగులో డి.ఎన్.ఏ. గాని ఆర్.ఎన్.ఏ. గాని ఉంటుంది. ఇవి ఇతర జీవుల కణాలలో మాత్రమే వృద్ధి చెందగలవు. అందుచేత వీటిని జీవులనడంపై భిన్నాభిప్రాయాలున్నాయి. జలుబు, తట్టు, పోలియో, రేబిస్, డెంగ్యూ, ఎయిడ్స్, కోవిడ్-19 వైరస్‌ల వల్ల కలిగే వ్యాధులు.

ఉపయోగాలు

గోరువెచ్చని పాలలో తోడు వేసినపుడు, అందులోని బాక్టీరియా పాల చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆమ్లం వల్ల పాలలోని ప్రోటీను గడ్డకట్టి పెరుగు అవుతుంది. మరుగుతున్న పాలలో తోడు వేస్తే బాక్టీరియా చనిపోతుంది. చలికాలంలో వృద్ధి మందగిస్తుంది కనుక పెరుగు ఆలస్యంగా తోడుకొంటుంది. ఇడ్లీ పిండి పులిసి పొంగడం కూడా ఇటువంటిదే.

కంది, మినుము, వేరుశనగ వంటి మొక్కల వేరు బుడిపెలలో నివసించే బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. అందువల్లనే ఈ పైర్ల తరువాత నేల సారవంతమవుతుంది.

వ్యాధులు, నివారణ

నీటిని మరిగించడం, క్లోరిన్ కలపడం, సబ్బుతో చేతులు కడుక్కోవడం, టీకాలు వేయించడం ముఖ్యమైన నివారణ మార్గాలు. టీకాల వల్లనే మశూచి ప్రపంచం నుండి నిర్మూలమైనదని 1980లో ప్రకటించారు.

1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొనడంతో యాంటీబయాటిక్‌ల యుగం ఆరంభమైంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్న అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, బెంజమిన్ డుగ్గర్ నేలలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. ఇది 1948లో వెలుగులోకి వచ్చింది. టెట్రాసైక్లిన్ మందులలో ఇదే మొదటిది.

యాంటీబయాటిక్‌లు వైరస్‌లపై పనిచేయవు. జలుబుకు వీటిని వాడడం వల్ల ప్రయోజనం లేకపోగా, శరీరంలోని మందుకు లొంగని బాక్టీరియా మిగిలి వృద్ధి చెందుతుంది. ఆ విధంగా నిరోధకత పెంచుకొన్న బాక్టీరియా ఇతరులకూ సోకుతుంది. మందులకు లొంగని క్షయ ఇందుకు ఉదాహరణ. కావున వైద్యుడు చెప్పినపుడే, చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు ఈ మందులను వాడవలెను.