దెబ్బను కనిపెట్టువారెవరు?

అమెరికా దేశమున ఫుట్‌బాలు అన్నచో మనమెరిగిన ఫుట్‌బాలు కాదు. కోడిగ్రుడ్డు ఆకారముగల బంతిని చంకనిడుకొని ఒకడు పరుగెత్తగా, ఎదిరి జట్టువారు వానిపైబడి నేలగూల్తురు. భుజములకు మెత్తలు, తలకు గట్టి శిరస్త్రాణము ధరించియే ఆడుదురు. అయినను శిరస్త్రాణము పుర్రె పగులకుండ కాపాడగలదేగాని, లోపలి మెదడు కుదుపునకు లోనుగాకుండ ఆపజాలదు. ఆ కుదుపు వలన కలుగు బాధను వైద్యులు కంకషన్ అందురు. మన పల్లెలలో దెబ్బకు దిమ్మతిరిగినదనుట ఇంచుమించు దీనినే.

ఈ యాటలోని ప్రమాదము నిన్నటి సంగతి కాదు. 1905లో కళాశాలల ఆటలలో పలువురు యువకులు మృతిచెందగా, అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు ఆటల పెద్దలను శ్వేతసౌధమునకు పిలిపించి హెచ్చరించెను. మరుసటి యేడే నియమములు మారినవి. చావు అందరి కంటను బడునది గనుక దానికి నియమము త్వరలోనే పుట్టినది. దిమ్ము అట్టిది కాదు. రక్తము కారదు, ఎక్స్‌రే చిత్రమున కనబడదు. పైగా దెబ్బతిన్నవాడే దానిని దాచును. తాను బయట కూర్చున్నచో తన స్థానము మరియొకనికి పోవునేమోనని వాని భయము. కావున ఇచట నియమము నిలుచుటయు, కూలుటయు చూచువాని కంటిమీదనే ఆధారపడియున్నది. ఆ చూచువాడు ఎవరి జీతగాడు? మాకు ముఖ్యముగా తోచిన ప్రశ్న ఇది.

వృత్తి జట్లన్నియు చేరిన సంస్థకు నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అని పేరు. 1994లో ఆ లీగ్ తలదెబ్బలను పరిశీలించుటకు ఒక సంఘమును నియమించినది. మెదడు సంగతి తేల్చవలసిన ఆ సంఘమునకు అధ్యక్షుడు కీళ్లవాతపు వైద్యుడు! 2002లో పిట్స్‌బర్గ్ జట్టు పూర్వపు ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ 50వ యేట మరణించెను. నైజీరియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన వైద్యుడు బెన్నెట్ ఒమాలు ఆయన మెదడును పరీక్షించి, పదేపదే తగిలిన దెబ్బలవలన కలిగిన క్షయమును గుర్తించెను. 2005లో ఆయన వ్యాసము వెలువడగానే, దానిని ఉపసంహరింపవలెనని లీగ్ సంఘమువారు పత్రికకు వ్రాసిరి. పత్రిక ఉపసంహరింపలేదు.

2009లో అమెరికా కాంగ్రెసు ఈ విషయమును విచారణకు తెచ్చినది. ఆ యేడు డిసెంబరులో, దిమ్ము లక్షణములు కనబడినవాడు ఆనాడు మరల ఆడరాదని లీగ్ శాసించినది. నియమము స్పష్టమే. 2011 డిసెంబరులో క్లీవ్‌లాండ్ ఆటగాడు కోల్ట్ మెకాయ్ తలకు పెద్ద దెబ్బ తిని, రెండు విడతలు మాత్రము బయట నుండి, మరల రంగమున దిగెను. తరువాత పరీక్షింపగా దిమ్మేయని తేలినది. వైద్యులు అప్పుడు వేరొక క్షతగాత్రుని చూచుచున్నారనియు, ఆ దెబ్బ తమ కంటబడలేదనియు జట్టువారు చెప్పిరి. కొట్టినవానికి ఒక ఆట నిషేధము పడినది. దెబ్బతిన్నవానిని తిరిగి పంపిన జట్టుకు ఏమియు లేదు.

అటుపిమ్మట పై గదులలో పరిశీలకులను కూర్చుండబెట్టిరి. 2013లో జట్లతో సంబంధములేని నాడీవైద్యులను మైదానపు అంచున నిలిపిరి. కాని ఆ వైద్యుడు సలహా చెప్పువాడే. ఆటగానిని తిరిగి పంపు తుది నిర్ణయము జట్టు వైద్యునిదే. 2015లో పరిశీలకునకు ఆటను ఆపు అధికారము లభించినది. ఆ నవంబరులోనే సెయింట్ లూయీ ఆటగాడు కేస్ కీనమ్ నేలకు తల కొట్టుకొని లేవలేకపోయెను. ఆట ఆగలేదు, ఆయన ఆడుచునే యుండెను. శిక్ష ఎవరికిని పడలేదు. 2016లో గాని జరిమానాల పట్టిక పుట్టలేదు.

ఆ పట్టిక పనిచేసిన తీరు మరింత విచిత్రము. 2017 నవంబరులో సియాటిల్ ఆటగాడు రసెల్ విల్సన్‌ను రిఫరీయే పరీక్షకు పంపెను. పరీక్ష పూర్తికాకయే, ఒక్క విడత తప్పిన వెంటనే ఆయన తిరిగివచ్చెను. జట్టుకు లక్ష డాలర్ల జరిమానా పడినది. మరుసటి నెలలో హ్యూస్టన్ ఆటగాడు టామ్ సావేజ్ నేలబడి, చేతులు వణకుచుండగా పలువురు టెలివిజన్‌లో చూచిరి. కొద్ది నిమిషములలో ఆయన మరల ఆటలోనికి వచ్చెను. ఆ జట్టుకు జరిమానా లేదు! మొదటివారు పరీక్ష నెగగొట్టిరి. రెండవవారు పరీక్ష చేసియు కనుగొనలేకపోయిరి. శాసనపు అక్షరము ననుసరించి ఈ భేదము సరియే కావచ్చును. సావేజ్ ఇల్లాలికి మాత్రము ఇది ఎట్లు బోధపడగలదు?

మైదానమును విడిచినవారికైనను తూనిక సమముగా నుండినదా? పూర్వపు ఆటగాండ్రకు లీగ్ చెల్లింపవలసిన పరిహారమును 2015లో న్యాయస్థానము ఆమోదించినది. మెదడు ఎంత దెబ్బతిన్నదో కొలుచునపుడు, నల్లజాతివారి బుద్ధిశక్తి మొదటినుండియు తక్కువ స్థాయిదని భావించు లెక్క నొకదానిని వైద్యులు వాడుచుండిరి. అందువలన తెల్లవానితో సమానముగ మార్కులు పొందిన నల్లవానికి సొమ్ము అందకపోవచ్చును. ఆటగాండ్రలో సగమునకు మించినవారు నల్లజాతివారే యని మరువరాదు. కెవిన్ హెన్రీ, నాజే డావెన్‌పోర్ట్ అను ఇద్దరు 2020లో దావా వేసిరి. మరుసటి యేడు లీగ్ దిగివచ్చినది. 2022లో ఆ లెక్క రద్దయినది.

ఆ 2022 సెప్టెంబరులోనే మయామీ ఆటగాడు టువా టాగొవైలోవా తల నేలకు తగిలి, లేచి, నాలుగడుగులు తూలి పడెను. నడక తూలుటకు కారణము నడుమునొప్పి యని వైద్యులు తేల్చి తిరిగి పంపిరి. కారణము మెదడు అయిననే ఆటను మాన్పవలెనని నాటి నియమము. నాలుగు దినముల పిమ్మట సిన్సినాటిలో మరల పడినపుడు ఆయన వ్రేళ్లు కొంకరలుపోయినవి, మంచముమీద మోసికొనిపోయిరి. ఆటగాండ్ర సంఘము ఆ స్వతంత్ర వైద్యుని తొలగించినది. నియమమును అక్షరాల పాటించిరనియు, ఫలితము మాత్రము అభిలషించినది కాదనియు అక్టోబరు 8న లీగ్, సంఘము కలిసి ప్రకటించినవి. కారణమేదైనను నడక తూలినచో ఆనాటికి ఆట ముగిసినట్లే యని నియమము మార్చిరి.

మరునాడే న్యూయార్క్ జెట్స్‌తో ఆట. టువా స్థానమున దిగిన టెడ్డీ బ్రిడ్జ్‌వాటర్ మొదటి విడతలోనే దెబ్బతినెను. ఆయన తూలినట్లు పై గదిలోని పరిశీలకునకు తోచినది. పరీక్షలో ఆయనకు దిమ్ము లేదని తేలినను మరల ఆడనీయలేదు. మూడవ ఆటగానితో ఆడి మయామీ 40-17 తేడాతో ఓడినది. ఇది అన్యాయమని ఆనాడు గొణిగినవారు లేకపోలేదు.