శాసనసభలో ప్రతిపక్ష నాయకుడు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం

అధికారపక్షానికి ఎదురుగా కూర్చునే పార్టీల్లో పెద్దదానికి నాయకుడై, స్పీకర్ గుర్తింపు పొందిన సభ్యుడే ప్రతిపక్ష నాయకుడు. ఆయనకు కేబినెట్ మంత్రి హోదా ఉంటుంది. ఈ గుర్తింపు దక్కాలంటే ఆ పార్టీకి సభలో పదోవంతు బలం ఉండాలన్నది లోక్‌సభ తొలి స్పీకర్ మావలంకర్ కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ. పార్లమెంటు 1977లో చేసిన చట్టంలో మాత్రం ఆ లెక్క లేదు.

1952 ఎన్నికల నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉంది. ఆ పార్టీవారు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో పోటీచేసి, 175 స్థానాల సభలో 42 గెలిచి ప్రధాన ప్రతిపక్షమయ్యారు. వారి నాయకుడు వి.డి. దేశ్‌పాండే. సూర్యాపేట నుంచి బొమ్మగాని ధర్మభిక్షం, ఉప్పల మల్సూరు ఆయన వెంట కూర్చున్నారు. తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించి అప్పటికి ఏడాదైనా కాలేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక పుచ్చలపల్లి సుందరయ్య ప్రతిపక్ష నాయకుడు కాగా, దళాలు నడిపిన భీమిరెడ్డి నరసింహారెడ్డి 1957లో సూర్యాపేట నుంచి సభకు వెళ్లారు. పదవి ఈ ప్రాంతానికి అప్పుడు రాలేదు గాని, దొరల భూములపై, వెట్టిపై పోరాడిన అనుభవమంతా ఇక్కడి నుంచే ఆ బెంచీలకు చేరింది.

పదవి వచ్చింది 2014లో. తెలంగాణ తొలి శాసనసభలో 21 స్థానాలు గెలిచిన కాంగ్రెస్ పక్షాన కుందూరు జానారెడ్డి ప్రతిపక్ష నాయకుడయ్యారు. ఆయన గెలిచిన నాగార్జునసాగర్ పూర్వపు చలకుర్తి. మిర్యాలగూడ లోక్‌సభ స్థానం రద్దయ్యేదాకా అందులో భాగం.

2018లో కాంగ్రెస్‌కు 19 మందే మిగిలారు. మధిర సభ్యుడు మల్లు భట్టి విక్రమార్క ప్రతిపక్ష నాయకుడు. అంతకుముందు కోదాడకు ప్రాతినిధ్యం వహించిన ఉత్తమ్‌కుమార్‌రెడ్డి హుజూర్‌నగర్ ఎమ్మెల్యేగా ఉంటూ 2019లో నల్లగొండ ఎంపీగా గెలిచి, జూన్‌లో శాసనసభ్యత్వానికి రాజీనామా చేశారు. బలం 18కి తగ్గింది. ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం విలీనానికి మూడింట రెండు వంతులు చాలు, అంటే 12 మంది. నకిరేకల్ సభ్యుడు చిరుమర్తి లింగయ్యతో కలిపి సరిగ్గా 12 మంది అధికార టీఆర్‌ఎస్‌లో విలీనమైనట్టు మర్నాడే స్పీకర్ గుర్తించారు. మిగిలింది ఆరుగురు, పదోవంతు కన్నా తక్కువ. ఓటరు ఇచ్చిన ప్రతిపక్ష హోదాను సభ లోపలి లెక్కలు తీసేశాయి. ఇది ఓటరుకు జరిగిన అన్యాయమే. ఆనవాయితీగా ప్రతిపక్షానికి దక్కే, ఖాతాలు తనిఖీచేసే ప్రజాపద్దుల సంఘం అధ్యక్ష పదవి మజ్లిస్‌కు వెళ్లింది. 2024లో అదే పదవిని, అప్పటికి ప్రతిపక్షమైన బీఆర్‌ఎస్ (పూర్వపు టీఆర్‌ఎస్) టికెట్‌పై గెలిచి కాంగ్రెస్ వైపు వెళ్లిన అరెకపూడి గాంధీకి ఇవ్వడం మళ్లీ వివాదమైంది.

2023లో బీఆర్‌ఎస్ 39 స్థానాలతో ప్రతిపక్షానికి వచ్చింది. కేసీఆర్ ప్రతిపక్ష నాయకుడయ్యారు గాని సభకు వచ్చిన రోజులు బహు తక్కువ. ఉమ్మడి నల్లగొండలోని 12 స్థానాల్లో కోదాడ, మిర్యాలగూడ సహా 11 కాంగ్రెస్‌వి. మిగిలిన ఒక్కటి సూర్యాపేట. అక్కడ గెలిచిన గుంటకండ్ల జగదీశ్‌రెడ్డిని, స్పీకర్‌పై చేసిన వ్యాఖ్యలకుగాను 2025 మార్చిలో బడ్జెట్ సమావేశాలు ముగిసేదాకా సస్పెండ్ చేశారు.