ఉంగటమును బూటుపట్టెయు



ఇట్టి వార్షిక సంచికలో బూటువెనుకనుండు తోలుపట్టెను గూర్చి వ్రాయుట కొందఱికి వింతగా తోపవచ్చును. కాని మన తాతముత్తాతలు ఆరెయు రంపెయు చేతబట్టి బ్రదికినవారు. ఏ తోలుతునుక ఎందులకున్నదో మనము చెప్పకున్న మఱెవరు చెప్పుదురు?

కర్నూలు, కడప మండలములలో నల్లరేగడియు ఎఱ్ఱనేలయు కలవు. వేసవిలో బండలు కాళ్లను కాల్చును. చేలగట్ల పల్లేరుగాయలు, తుమ్మముండ్లు చెప్పనక్కఱలేదు. ఈ నేలకు తగినట్లు మనవారు చేసిన చెప్పునకు ఎనుముతోలు అట్ట, పాదముమీద అడ్డవారు, బొటనవ్రేలు దూర్చుటకు ఉంగటము ఉండును. వెనుక తెఱచియుండుటచే దానిని లాగి తొడుగవలసిన పనిలేదు. కాలు జొనిపిన చాలును. నడకలో చెప్పు జాఱకుండ పట్టియుంచుటయే ఉంగటము పని. అది తెగెనా, చెప్పు చేతికి వచ్చును.

1800వ సంవత్సరమున నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. కర్నూలు నవాబు సంస్థానము 1839లో కంపెనీవశమాయెను. దొరలతోను పటాలములతోను బూటు మనవారికి పరిచితమాయెను. బూటు మడమను, చీలమండను మూయును గావున లాగనిదే కాలికెక్కదు. పై యంచు పట్టి లాగినచో తోలు సాగును, కుట్టు విడును. అందుచే చిన్నపట్టెను మడిచి, దాని కొనలను పైతోలునకును లోతోలునకును నడుమ దూర్చి, గట్టిగా కుట్టుదురు. అప్పుడు లాగు బలము అంచునొక్కచోట చీల్చక కుట్టుమీద పంచబడును. పొట్టిబూటునకు వెనుక ఒక పట్టె చాలును. మోకాలిదాక వచ్చు రౌతుబూటునకు ఇరుప్రక్కల రెండుండును. వానికి ఇనుపకొక్కెములు తగిలించి లాగుదురు. బూటును చిలుకకొయ్యకు వ్రేలాడదీయుటకును పట్టె పనికివచ్చును గాని అది కొసరు ప్రయోజనమే.

1914–18 యుద్ధకాలమున దక్షిణదేశమందు పదునుచేసిన తోళ్లు ఆంగ్లసైనికుల బూట్ల పైభాగములకు వినియోగపడెను. ఆ పదునునకు వాడిన ముఖ్యమైన చెక్క తంగేడు; మన మెట్టలలో పచ్చగా పూచునదే. ఇట్లు మనవంటివారి చేతిపని సముద్రములు దాటెను. కాని చెప్పులు కుట్టినవాడు ఊరివీధిలో వానిని విప్పి చేతబట్టి నడువవలసిన ఆచారము ఎన్ని గ్రామములలో లేకుండెను? 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసినను, ఆ యాచారము ఒక్కదినమున అంతరింపలేదు.

నిరంతరచలనయంత్రమును కనుగొంటినన్న ఒకానొకని 1834లో ఒక అమెరికా పత్రిక, ఇక తన బూటుపట్టెలు తానే పట్టుకొని నది దాటగలడని పరిహసించెను. చర్మకారునికి ఆ పరిహాసము వెంటనే తెలియును. పట్టెను చేయి పైకి లాగునప్పుడు కాలు క్రిందికి త్రొక్కవలెను. నేల లేనిదే లాగుడు ఫలింపదు. పట్టె బూటును కాలికెక్కించునే గాని మనుష్యుని గాలిలోనికెత్తదు.

“మీయంతట మీరే పైకి రండు” అని మన బిడ్డలకు బోధించువారు ఈ సంగతిని మఱువరాదు. లాగుటకు మన చేతులు కలవు. త్రొక్కుటకు నేల కావలెను. బడియు, విద్యార్థివసతియు, పనికి తగిన వెలయు ఆ నేల. దానిని కల్పించుటకే సంఘమున్నది. పోషకులు ఈ పనికి చేయూతనిత్తురుగాక!